ఫ్లాప్స్ మొరాయిస్తే ఎలా దిగాలి: ఎ320 కాక్‌పిట్‌లో చేసే పనులు, వాటి వెనక కారణాలు

ఫ్లాప్స్ అంటే తక్కువ వేగంలోనూ విమానం గాల్లో నిలబడేలా రెక్క వెనక అంచున తెరుచుకునే పలకలు, ముందు అంచున తెరుచుకునేవి స్లాట్స్. ఫ్లాప్ లివర్ జరిపాక రెక్క స్పందించకపోతే మీరు చేయాల్సిన మొదటి పని ల్యాండింగ్ ఆపడం. చెక్‌లిస్టు, లెక్కలు, ఏటీసీ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్)తో మాటలు అన్నీ ఆ తర్వాతే. ఫ్లాప్స్ తెరుచుకోకపోయినా విమానం బాగానే ఎగురుతుంది. అరగంట ముందు దాకా 35 వేల అడుగుల ఎత్తులో అది ఫ్లాప్స్, స్లాట్స్ రెండూ మూసుకునే ఎగిరింది కదా. సమయమో, వేగమో, రన్‌వే పొడవో చాలనప్పుడే ప్రమాదం. ఆ మూడూ మన చేతిలో ఉండాలంటే ముందు ఆగాలి.

ఎయిర్‌బస్ ఎ320 టైప్ రేటింగ్‌కి (ఆ రకం విమానం నడిపే అర్హతకి) చదువుతున్నవాళ్లు, ఇంట్లో సిమ్యులేటర్ మీద సీరియస్‌గా సాధన చేసేవాళ్లు, కాక్‌పిట్‌లో ఏం జరుగుతుందో తెలుసుకోవాలనుకునేవాళ్లు, ముగ్గురినీ దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. నిజం విమానంలో మీ కంపెనీ క్యూఆర్‌హెచ్ (లోపాలు వచ్చినప్పుడు చూసే చెక్‌లిస్టుల పుస్తకం) ఏం చెబితే అదే ఫైనల్. అందులోని ఒక్కో లైను ఎందుకు ఉందో తెలిస్తే, అసలు సమయంలో ఆ లైను చదివేటప్పుడు తడబాటు ఉండదు.

ముందుగా రెక్క లోపల సంగతి

స్లాట్స్ రెక్క ముందు అంచున ఉంటాయి, ఫ్లాప్స్ వెనక అంచున. ఎ320లో ఒక్కో రెక్కకు 5 స్లాట్స్, 2 ఫ్లాప్స్. లివర్‌కి 0, 1, 2, 3, ఫుల్ అని 5 స్థానాలు. మీరు లివర్ జరిపితే ఆ సంగతి స్లాట్స్, ఫ్లాప్స్‌ని నడిపించే రెండు ఎస్‌ఎఫ్‌సీసీ కంప్యూటర్లకు వెళ్తుంది. ఒక్కోదాంట్లో స్లాట్స్‌కి ఒక చానల్, ఫ్లాప్స్‌కి ఒక చానల్ ఉంటాయి. అవి హైడ్రాలిక్ మోటార్లను తిప్పిస్తాయి. ఫ్లాప్స్‌కి గ్రీన్, యెల్లో హైడ్రాలిక్ సిస్టమ్‌ల మోటార్లు, స్లాట్స్‌కి గ్రీన్, బ్లూ. ఒక మోటారు గానీ ఒక చానల్ గానీ పోతే మిగిలినదాంతో పని జరుగుతుంది, కాకపోతే సగం వేగంతో. ఇది గుర్తుపెట్టుకోండి, కింద అవసరమవుతుంది.

మోటార్ల దగ్గర మొదలైన షాఫ్ట్ రెండు రెక్కల చివరి వరకూ వెళ్తుంది. ఎక్కడైనా షాఫ్ట్ తెగి ఒక వైపు ఫ్లాప్స్ కదిలి, రెండో వైపు ఆగిపోతే విమానం ఒక పక్కకు ఒరిగిపోతుంది. అందుకే రెక్కల చివర్లలో వింగ్ టిప్ బ్రేకులు పెట్టారు. రెండు వైపులా కదలికలో తేడా వచ్చినా, చెప్పకుండా కదలడం మొదలైనా ఆ బ్రేకులు షాఫ్ట్‌ని ఉన్నచోటే బిగించేస్తాయి. ఒకసారి పడ్డాక గాల్లో ఉండగా వాటిని వదిలించే దారి లేదు. అలా కావాలనే చేశారు.

ఈ జాగ్రత్త విలువ తెలియాలంటే 1979 మే 25న షికాగో ఓహేర్‌లో జరిగినది చూడాలి. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 191 టేకాఫ్ అవుతుండగా ఆ డీసీ-10 ఎడమ ఇంజిన్ ఊడిపోయింది. పోతూ పోతూ హైడ్రాలిక్ గొట్టాలను తెంపేసింది. ఆ మోడల్లో స్లాట్స్‌ని తెరిచి ఉంచేది హైడ్రాలిక్ ఒత్తిడే, మెకానికల్ లాక్ లేదు. గాలి తోపుకి ఎడమ రెక్క బయటివైపు స్లాట్స్ వెనక్కి వెళ్లిపోయాయి. పైలట్లకు ఆ విషయం తెలిసే దారి లేకపోయింది. ఇంజిన్ పోయినప్పుడు పాటించాల్సిన వేగాన్నే వాళ్లు పాటించారు. మామూలుగా అయితే అది సరైన వేగమే. స్లాట్స్ లేని ఎడమ రెక్కకు మాత్రం అది చాలలేదు. ఆ రెక్క స్టాల్ అయింది, అంటే విమానాన్ని మోసే శక్తి కోల్పోయింది. నేల మీది ఇద్దరితో కలిపి 273 మంది చనిపోయారు. మన విమానంలో ‘లాక్డ్’ అన్న మాట కనబడగానే టెన్షన్ రావడం సహజమే. కానీ ఆ లాక్ మనల్ని కాపాడటానికే పడింది.

1. ఆగండి, వేగం పట్టుకోండి

అప్రోచ్‌లో ఉంటే గో-అరౌండ్ చేయండి (దిగడం మానేసి మళ్లీ పైకి లేవండి), లేదా ఏటీసీకి చెప్పి ఉన్న ఎత్తులోనే లెవెల్ అవ్వండి. లివర్‌ని ఉన్నచోటే వదిలేయండి. అలవాటుగా వెనక్కి లాగాలనిపిస్తుంది, ముందుకూ వెనక్కూ రెండుమూడు సార్లు ఆడించి చూడాలనిపిస్తుంది. రెండూ వద్దు. ఫ్లాప్స్ వస్తాయన్న నమ్మకంతో అప్పటికే వేగం తగ్గించడం మొదలుపెట్టి ఉంటారు కాబట్టి అన్నిటికన్నా ముందు వేగం చూడండి. ఫ్లాప్స్ రాలేదు, వేగం మాత్రం తగ్గుతూనే ఉంది. అసలు ప్రమాదం అక్కడుంది. సెలెక్టెడ్ స్పీడ్‌కి (వేగాన్ని మీరే సెట్ చేసే పద్ధతికి) మారి, తగ్గుదల ఆపండి.

2009 జనవరి 27న టెక్సస్‌లోని లబ్బక్‌లో తెల్లవారక ముందు దిగబోతున్న ఎంపైర్ ఎయిర్‌లైన్స్ ఏటీఆర్-42 కార్గో విమానం కథ ఈ మెట్టు దాటేసినవాళ్ల కథ. రెక్కల మీద మంచు పేరుకుంటోంది. దించిన ఫ్లాప్స్ రెండు వైపులా సమానంగా రాలేదు. విమానం నడుపుతున్నది ఫస్ట్ ఆఫీసర్. కెప్టెన్ చెక్‌లిస్టు తీయకుండా ఫ్లాప్స్ సంగతి తనే తేల్చే పనిలో పడ్డారు. అప్రోచ్ మాత్రం ఆపలేదు. వేగం పడిపోయింది, స్టాల్ హెచ్చరిక వచ్చింది, విమానం రన్‌వేకి ముందే నేలను తాకి కాలిపోయింది. ఇద్దరూ ప్రాణాలతో బయటపడ్డారు. అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తప్పంతా ఫ్లాప్స్ మీదకు నెట్టలేదు. కనీస వేగాన్ని గమనించి నిలబెట్టుకోకపోవడమే ప్రధాన కారణమని తేల్చింది. నేర్చుకునేవాళ్లకి ముందుగా ఈ కేసే చెప్పాలని నా అభిప్రాయం. చిన్న లోపం ఇద్దరి దృష్టినీ ఎలా లాగేసుకుంటుందో ఇంత స్పష్టంగా చూపించేది మరొకటి లేదు.

అందుకే పని పంచుకోండి. ఒకరు విమానం మాత్రమే నడపాలి. రెండోవాళ్లే ఈక్యామ్ (లోపాలూ, చేయాల్సిన పనులూ చూపే స్క్రీన్), క్యూఆర్‌హెచ్ చూడాలి. ‘నువ్వు నడుపు, నేను చదువుతా’ అన్నది పైకి అనుకోవాలి.

2. ఏది ఆగిందో స్క్రీన్ మీద చదవండి

పై స్క్రీన్‌లో చిన్న రెక్క బొమ్మ ఉంటుంది, దాని మీద ఎస్, ఎఫ్ అక్షరాలు. లివర్ చెప్పిన చోటికి ఇంకా కదులుతుంటే నీలి రంగు, తేడా వస్తే ఆంబర్ (ముదురు పసుపు). ఎస్ ఆంబరా, ఎఫ్ ఆంబరా, రెండూనా? నిజంగా ఎంత వరకు తెరుచుకున్నాయి? ఇవి రెండూ బయటికి చదివి, ఇద్దరూ ఒప్పుకున్నాకే ముందుకెళ్లండి.

తర్వాత ఈక్యామ్ మెసేజ్‌లో ఏ మాట వచ్చిందో చూడండి. ‘ఫ్లాప్ సిస్ 1 ఫాల్ట్’ లాంటిది వస్తే రెండు చానళ్లలో ఒకటే పోయింది. ఫ్లాప్స్ నిదానంగా వస్తాయి, ఓపిక పట్టాలి, అంతే. ‘ఫాల్ట్’, ‘లాక్డ్’ అని వస్తే అసలు పని మొదలు. వింగ్ టిప్ బ్రేక్ పడిందా లేదా అన్నది ఇక్కడ కీలకం. పడకపోతే లివర్‌ని ఒకసారి వెనక్కి తీసి మళ్లీ పెట్టమని ఈక్యామే అడుగుతుంది. అడిగితేనే, అదీ ఒక్కసారే చేయండి. కొన్నిసార్లు దాంతో వచ్చేస్తాయి. బ్రేక్ పడి ఉంటే ఇక ఆ ఫ్లాప్స్ ఈ ఫ్లైట్‌కి కదలవు. ఉన్నదాంతో దిగడం ఎలాగో ఆలోచించండి.

ఇక్కడో మెలిక ఉంది. స్పీడ్ టేప్ (స్క్రీన్ మీద వేగం చూపే పట్టీ) మీద కనబడే వీఎఫ్ఈ (ఆ ఫ్లాప్ స్థానంలో దాటకూడని వేగం) గుర్తు లివర్ ఎక్కడుందో దాన్ని బట్టి వస్తుంది. ఓవర్‌స్పీడ్ హెచ్చరిక, వీఎల్ఎస్ (తగ్గకూడని కనీస వేగం) మాత్రం రెక్క నిజంగా ఎలా ఉందో దాన్ని బట్టి వస్తాయి. ఉదాహరణకు ఫ్లాప్స్ 3 దగ్గర ఇరుక్కుపోయాయి, మీరు గో-అరౌండ్‌లో లివర్‌ని పైకి తీసేశారనుకోండి. టేప్ చూస్తే ఇంకా వేగం పెంచుకోవచ్చన్నట్టే ఉంటుంది. కానీ 185 నాట్స్ (ఒక నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు) దాటగానే హెచ్చరిక మోగుతుంది, ఫ్లాప్స్ మీద మోయలేనంత గాలి భారం పడుతుంది. అందుకే టేప్‌ని పక్కన పెట్టి కాక్‌పిట్‌లో పరిమితులు రాసి ఉన్న ప్లకార్డు చూడండి. ఎ320లో 1కి 230, 1+ఎఫ్‌కి (1లోనే ఫ్లాప్స్ కూడా తెరుచుకున్నప్పుడు) 215, 2కి 200, 3కి 185, ఫుల్‌కి 177 నాట్స్. ఇరుక్కున్న స్థానానికి ఉన్న పరిమితి కన్నా ఓ 10 నాట్స్ తక్కువలో ఎగరండి. ఫ్లాప్స్ గానీ స్లాట్స్ గానీ బయట ఉంటే 20 వేల అడుగులు దాటకూడదు.

3. ఎంత సేపు ఆగగలరో లెక్క కట్టండి

ఇరుక్కోవడంలో రెండు రకాలున్నాయి, రెండింటి తిప్పలూ వేరు. మూసుకుని ఇరుక్కుంటే ఇంధనానికి ఇబ్బంది లేదు, మామూలు విమానంలాగే దూరం పోగలరు. సమస్యంతా రన్‌వే దగ్గరే. తెరుచుకుని ఇరుక్కుంటే దిగడం తేలిక, కానీ ఇంధనం మంచినీళ్లలా ఖర్చవుతుంది. స్లాట్స్ ఒక్కటే బయట ఉన్నా ఖర్చు సగానికి పైగా పెరుగుతుంది, రెండూ ఉంటే దాదాపు రెట్టింపు. పైగా ఫ్లైట్ మేనేజ్‌మెంట్ కంప్యూటర్ ఈ సంగతి తెలియక, రెక్క శుభ్రంగా ఉందన్న లెక్కతోనే మిగిలే ఇంధనం చూపిస్తుంది. ఆ అంకెను నమ్మి దూరపు ఎయిర్‌పోర్టుకి బయల్దేరకండి. క్యూఆర్‌హెచ్‌లో ఇచ్చిన పెనాల్టీతో మీరే చేత్తో లెక్క వేయండి.

ఆ లెక్క నుంచి ఒక టైము తేల్చి, ‘ఈ టైముకి అప్రోచ్ మొదలుపెడతాం’ అని ఇద్దరూ అనుకుని, ఏటీసీని హోల్డింగ్ (ఒకేచోట గాల్లో చుట్లు కొడుతూ ఆగడం) అడగండి. పరిస్థితి ఇరుకుగా ఉంటే రేడియోలో ‘పాన్ పాన్’ (మాకు అత్యవసరం అని చెప్పే సంకేతం) అనడానికి మొహమాటపడొద్దు. ఆ రెండు మాటలతో మిగతా ట్రాఫిక్ పక్కకు జరుగుతుంది, ఫైర్ సర్వీస్ సిద్ధమవుతుంది.

4. రన్‌వే ఎంచుకోండి

ఎక్కువసేపు కూర్చోవాల్సిన మెట్టు ఇది. హైదరాబాద్ నుంచి విశాఖ వెళ్తున్న ఎ320 ఉదాహరణగా తీసుకుందాం. ఫ్లాప్స్ ఫుల్‌తో మీ అప్రోచ్ వేగం 135 నాట్స్ వచ్చే బరువు ఉందనుకోండి.

ఫ్లాప్స్ మాత్రమే రాలేదు, స్లాట్స్ వచ్చాయి, క్యూఆర్‌హెచ్ టేబుల్ 25 నాట్స్ కలపమందనుకుందాం. 160తో దిగాలి. వేగం పెరిగింది దాదాపు 19 శాతమే. కానీ బ్రేకులు మింగాల్సిన శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అది 40 శాతం ఎక్కువ. స్లాట్స్ కూడా రాకపోతే వేగం సుమారు 50 నాట్స్ పెరిగి 185 అవుతుంది, శక్తి 88 శాతం ఎక్కువ. అది దాదాపు రెండు ల్యాండింగ్‌ల పని ఒకే జత బ్రేకులతో చేయించడం.

ఇప్పుడు ఎయిర్‌పోర్టులు చూద్దాం. విశాఖ రన్‌వే దాదాపు 3,050 మీటర్లు. శంషాబాద్ ప్రధాన రన్‌వే 4,260 మీటర్లు. ఫ్లాప్స్, స్లాట్స్ రెండూ రాలేదంటే చాలామంది వెంటనే శంషాబాద్ వైపు తిరగాలనుకుంటారు. కాస్త ఆగండి. ఎ320 టైర్లకు నేల మీద 195 నాట్స్ పరిమితి ఉంది. మీటర్‌లో చూపే వేగం వేరు, నేల మీది వేగం వేరు. శంషాబాద్ సముద్ర మట్టానికి 600 మీటర్ల పైన ఉంది. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో అక్కడి గాలి పలచన. మీటర్ మీద 185 ఉంటే, ఎదురుగాలి లేనప్పుడు నేల మీద దాదాపు 200 నాట్స్. టైరు పరిమితి దాటిపోయింది. సముద్రం పక్కనే ఉన్న విశాఖలో 35 డిగ్రీల దగ్గర అదే విమానం 191తో నేలను తాకుతుంది. అంటే రన్‌వే పొడవుగా ఉన్నచోట టైరుకి గండం, టైరు క్షేమంగా ఉన్నచోట రన్‌వే పొట్టి. మధ్యలో, విశాఖ నుంచి 290 కిలోమీటర్ల దూరంలో గన్నవరం ఉంది. 3,360 మీటర్లు, సముద్ర మట్టానికి దగ్గరగా. ఎండ మండిపోయినా అక్కడ టైరు పరిమితిలోపే ఉంటారు. ఎదురుగాలి ఉంటే ఇంకా మంచిది. లేదా సాయంత్రం చల్లబడే దాకా ఇంధనం కాలుస్తూ ఆగితే బరువూ తగ్గుతుంది, వేగమూ తగ్గుతుంది, శంషాబాదే మంచి ఎంపిక కావచ్చు.

ఇవన్నీ నేను నోటి లెక్కతో చెప్పినవి. మీరు చేయాల్సింది అప్పటి బరువు, గాలి, ఉష్ణోగ్రత, రన్‌వే తడి పెట్టి కంపెనీ పెర్ఫార్మెన్స్ యాప్‌లో ల్యాండింగ్ దూరం తీయడం. అందులో ఫెయిల్యూర్ పేరు సరిగ్గా ఎంచుకున్నారో లేదో రెండోవాళ్లు విడిగా సరిచూడాలి. ఇక్కడ తప్పు పేరు నొక్కితే మిగతా జాగ్రత్తలన్నీ వృథా.

తెరుచుకుని ఇరుక్కున్న కేసులో ఈ చర్చంతా అక్కర్లేదు. విశాఖలోనే దిగండి. హైదరాబాద్ 510 కిలోమీటర్లు. 190 నాట్స్‌తో నిదానంగా, రెట్టింపు ఇంధనం తాగుతూ అక్కడికి పోవడం కొత్త సమస్య కొనితెచ్చుకోవడమే.

5. కేబిన్‌కి చెప్పండి

క్లుప్తంగా చాలు. సమస్య ఏమిటి, ఎన్ని నిమిషాల్లో దిగుతాం, దిగేటప్పుడు వేగం, బ్రేకింగ్ ఎక్కువగా ఉంటాయి, ఎమర్జెన్సీ ఎవాక్యుయేషన్ ఉండదనుకుంటున్నాం. ఇవి సీనియర్ కేబిన్ క్రూకి చెప్పి, తిరిగి చెప్పించుకోండి. ప్రయాణికులకు మామూలు గొంతుతో రెండు వాక్యాలు. రన్‌వే పక్కన ఫైర్ ఇంజన్లు కనబడతాయని ముందే చెబితే జనం కంగారుపడరు.

6. ఒక్కో మెట్టూ దిగుతూ కాన్ఫిగరేషన్ పెట్టండి

ఫ్లాప్స్ ఇరుక్కున్నా స్లాట్స్ కదలవచ్చు, స్లాట్స్ ఇరుక్కున్నా ఫ్లాప్స్ కదలవచ్చు. అందుకే లివర్‌ని మెట్టు మెట్టుగా దించాలి. తర్వాతి స్థానానికి ఉన్న వీఎఫ్ఈ కన్నా 5 నాట్స్ తక్కువ వేగం ఎఫ్‌సీయూలో (ఆటోపైలట్‌కి వేగం, ఎత్తు చెప్పే ప్యానల్‌లో) పెట్టండి. వేగం అక్కడికి వచ్చాక లివర్ ఒక మెట్టు దించండి. కదలాల్సింది కదిలిందా చూడండి. తర్వాత మళ్లీ అదే పని. క్యూఆర్‌హెచ్ చెప్పిన ల్యాండింగ్ స్థానం దగ్గర ఆపండి, చాలా కేసుల్లో అది 3.

బరువు ఎక్కువగా ఉంటే ఒక ఇబ్బందికర క్షణం వస్తుంది. వీఎల్ఎస్ పైకి, తర్వాతి వీఎఫ్ఈ కిందికి ఉండి, ఒకదాన్ని తప్పించుకోవాలంటే రెండోది దాటాలి. అప్పుడు వీఎఫ్ఈ కిందికి వేగం రాగానే లివర్ దించండి. స్లాట్స్ తెరుచుకునే కొద్దీ వీఎల్ఎస్ కిందికి జారుతుంది. కొన్ని సెకన్ల పాటు వేగం వీఎల్ఎస్ కన్నా తక్కువగా కనబడవచ్చు. అది ఊహించిన సంగతే. ఆ కాసేపూ రెక్కలు సమంగా ఉంచండి, మలుపులో ఉండగా ఇది చేయకండి.

ఫ్లాప్స్ ఇరుక్కుంటే ఓవర్‌హెడ్ ప్యానల్ మీద జీపీడబ్ల్యూఎస్ (నేల దగ్గరవుతోందని హెచ్చరించే సిస్టమ్) ఫ్లాప్ మోడ్ ఆఫ్ చేయడం మర్చిపోవద్దు. మర్చిపోతే సరిగ్గా రన్‌వే ముందు ‘టూ లో, ఫ్లాప్స్’ అని అరుస్తుంది. అప్పటి దాకా ప్రశాంతంగా చేసిన పనంతా ఆ ఒక్క అరుపుతో చెదిరిపోగలదు.

7. దిగండి

ఫైనల్ అప్రోచ్ పొడవుగా తీసుకోండి. మూడు డిగ్రీల దారిలో నేల మీది వేగాన్ని 5తో గుణిస్తే నిమిషానికి ఎన్ని అడుగులు దిగాలో వస్తుంది. 160కి 800, 190కి 950. ఈ అంకె ముందే మనసులో ఉంటే, ‘ఇంత వేగంగా దిగుతున్నామేంటి’ అన్న అనుమానం ఫైనల్‌లో రాదు. ఆటోపైలట్‌ని 500 అడుగుల వరకు వాడుకోవచ్చు. ఈ తీరు రెక్క కోసం దాన్ని ట్యూన్ చేయలేదు, చెయ్యి దగ్గరే ఉంచండి.

ఫ్లాప్స్ లేకపోతే ముక్కు మామూలు కన్నా పైకి ఉంటుంది. కిటికీలోంచి రన్‌వే వేరేలా కనిపిస్తుంది, ఎత్తుగా ఉన్నామన్న భ్రమతో ముక్కు కిందికి తోయాలనిపిస్తుంది. రన్‌వే పక్కనుండే పాపీ లైట్లనీ, దిగే దారి చూపే గ్లైడ్‌స్లోప్ రేడియో సంకేతాన్నీ నమ్మండి. ఫ్లేర్ (నేల తాకే ముందు ముక్కు ఎత్తడం) చిన్నగా చేయండి. మెత్తగా దించాలని పట్టుకుని కూర్చుంటే రెండు నష్టాలు. ఈ వేగంలో తేలే ఒక్కో సెకనుకూ 80 నుంచి 100 మీటర్ల రన్‌వే వెనక్కి పోతుంది. ఇంకా లాగితే తోక తగులుతుంది. ఎ320లో చక్రాల మీద బరువు పడ్డాక తోక తగిలే కోణం 11.7 డిగ్రీలు, మీరు అప్పటికే దానికి దగ్గర్లో మొదలుపెట్టారు. టచ్‌డౌన్ జోన్‌లో గట్టిగానే తాకించండి. ముక్కు దించి, రివర్సర్లు (ఇంజిన్ గాలిని ముందుకు మళ్లించేవి) పూర్తిగా తీసి, ఆటోబ్రేక్‌ని దాని పని చేయనివ్వండి.

గో-అరౌండ్ చేయాల్సి వస్తే ఎలా చేస్తారో పైన హోల్డింగ్‌లోనే అనుకుని ఉండాలి. లివర్ ఎక్కడుంటుంది, ఏ వేగం దాటకూడదు, ఇంకో అప్రోచ్‌కి ఇంధనం ఉందా, ఈ మూడూ.

8. ఆగాక

తొందరపడి పార్కింగ్ బే వైపు పోకండి. బ్రేకులు చాలా వేడెక్కి ఉంటాయి, ఆ వేడి చక్రానికి పాకడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. వేడి మితిమీరితే టైరు పేలకుండా అందులోని ఫ్యూజ్ ప్లగ్ కరిగి గాలి వదిలేస్తుంది. రన్‌వే నుంచి పక్కకు రాగలిగితే వచ్చి ఆగండి, చక్రాల దగ్గర పొగ, మంట ఉన్నాయేమో ఫైర్ సిబ్బందిని చూడమనండి, బ్రేక్ టెంపరేచర్ పేజీ తెరిచి ఉంచండి.

ఫ్లాప్స్ లివర్‌ని ముట్టుకోకండి, ఎక్కడ ఇరుక్కున్నాయో ఇంజనీర్లు అలాగే చూడాలి. టెక్ లాగ్‌లో (విమానం లోపాలు రాసే పుస్తకంలో) ‘ఫ్లాప్స్ ఫాల్ట్’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే వాళ్లకు పని దొరకదు. లివర్ ఏ స్థానం నుంచి ఏ స్థానానికి జరుపుతుండగా వచ్చింది, అప్పుడు వేగం, ఎత్తు, బయటి ఉష్ణోగ్రత ఎంత, రెక్క మీద మంచు ఉందా, వింగ్ టిప్ బ్రేక్ మెసేజ్ వచ్చిందా, లివర్ మళ్లీ తిప్పి చూశారా, ఎక్కడైనా వీఎఫ్ఈ దాటారా రాయండి. చివరిది రాయడానికి ఎవరికైనా ఇబ్బందిగానే ఉంటుంది, అయినా తప్పకుండా రాయండి. వీఎఫ్ఈ దాటిన రెక్కకు విడిగా తనిఖీ ఉంటుంది, అది జరగకుండా ఆ విమానం మళ్లీ లేవకూడదు.